తగినంత వెలుతురు లేదు

సూర్యుడి కడుపులో ఎంత వేడి ఉంటుందో దాదాపు అంత వేడిని ఆవగింజంత చోట పుట్టించి, దానికి ఫోటో తీసి పైకి పంపితే, "తగినంత వెలుతురు లేనందున తిరస్కరించడమైనది" అని జవాబు వచ్చింది.

మందాకిని ఆ ముక్కను మూడుసార్లు చదువుకుంది. కింద ఇంకో వాక్యం ఉంది. "ఫోటోలో బాధ్యతాధికారి కనబడుట లేదు." ఆ కింద సంస్థ పేరు, తేదీ, పని రకం. పని రకం దగ్గర "ఇంకుడు గుంత" అని ఉంది.

ఈ ఇంకుడు గుంత ఎలా వచ్చిందో చెప్పకపోతే కథ ముందుకు సాగదు. రెండేళ్ళ కిందట ఏదో మారుమూల మండలంలో ఒక ఘనుడు ఒకే ఒక్క కల్వర్టు కట్టి, నాలుగు వైపుల నుంచి నాలుగు ఫోటోలు తీసి, నాలుగు ఊళ్ళలో నాలుగు కల్వర్టులు కట్టానని రాసుకున్నాడు. ఐదో ఊరి కోసం తలకిందులుగా తీస్తూ దొరికిపోయాడు. దాంతో పైవాళ్ళకు జ్ఞానోదయమైంది. ఇకమీదట ప్రభుత్వం వారి ఏ పనికైనా మూడు ఫోటోలు ఉండాలన్నారు. పని ముందు ఒకటి, పని జరుగుతుండగా ఒకటి, పని అయ్యాక ఒకటి. మూడింట్లోనూ బాధ్యతాధికారి పనిని ఆనుకుని నిలబడాలి, ముఖం స్పష్టంగా కనబడాలి. కల్వర్టుల వరకు అది బంగారం లాంటి నియమమే. కల్వర్టు పక్కన నిలబడినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు.

కానీ "ఏ పనికైనా" అన్నారు గదా. ఆ మాట పట్టుకుని నియమం ఊళ్ళు దాటి, జిల్లాలు దాటి, జీడితోటల మధ్య కొండ ఎక్కి, నక్షత్ర శక్తి పరిశోధనా సంస్థ గేటు ముందు నిలబడింది. కంప్యూటర్‌లో పని రకం ఎంచుకునే జాబితా ఒకటుంది. అందులో చెక్‌డ్యాం, కల్వర్టు, పశువుల తొట్టి, శ్మశానం ప్రహరీ, ఇంకుడు గుంత ఉన్నాయి. లేజర్ కిరణాలతో ఇంధనపు గింజను నలిపి నక్షత్రాన్ని పుట్టించే పని అన్నది లేదు. ఆఫీసులో గుమాస్తాలు రెండు రోజులు తర్జనభర్జన పడి, శక్తి లోపలికి ఇంకుతుంది గనక ఇంకుడు గుంతే దగ్గరి చుట్టమని తేల్చారు.

మందాకిని ఆ సంస్థలో ఫోటోల సెక్షన్‌కు అధిపతి. సెక్షన్ అంటే ఆవిడా, తవిటినాయుడనే టెక్నీషియనూ, ఒక ఫ్యానూ.

ఫోటో తీయవలసిన వస్తువు మాత్రం ఆషామాషీది కాదు. రెండంతస్తుల మేడంత ఉక్కు గోళం. లోపలి గాలంతా తోడేస్తారు. నట్టనడుమ సాలెపోగంత దారం కొసన ఒక చిన్న గింజ వేలాడుతుంది. నలభై ఎనిమిది లేజర్ కిరణాలు అన్ని వైపుల నుంచీ ఒకేసారి దాని మీద పడి నలిపేస్తాయి. అన్ని వైపులా సమానంగా నలిగితే లోపలి ఇంధనం భగ్గుమని నక్షత్రమవుతుంది. ఏ వైపైనా పట్టు సడలిందా, గుప్పిట్లో పిండిముద్ద వేళ్ళ సందులోంచి జారినట్టు అటువైపు జారిపోతుంది. ఆ భోగమంతా నిలిచేది, సెకనును వెయ్యి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటో రెండో ముక్కల సేపు. ఆ కాస్తలోనే పదహారు బొమ్మలు తీసే కెమెరా మందాకినిది. బరువైన లోహపు రేకుకు వెంట్రుక కన్నా సన్నని బెజ్జాలు పొడిచి, వాటిలోంచి వచ్చే ఎక్స్ కిరణాలను పడుతుంది. దాన్ని కట్టడానికి ఆమెకు ఏడేళ్ళు పట్టింది. ఆ ఏడేళ్ళలో ఆమెతో చేరినవాళ్ళలో ఇద్దరు ప్రొఫెసర్లయ్యారు, ఒకాయన యోగా కేంద్రం పెట్టుకున్నాడు.

ఇప్పుడా కెమెరా ఒక నిజం చెబుతోంది, వినేవాడు లేడు. మార్చి దాకా బొమ్మలు నిమ్మపండులా గుండ్రంగా వచ్చాయి. ఏప్రిల్ నుంచి, ఇంధనం లేని ఉత్తుత్తి గింజలతో ఎన్ని ప్రయోగాలు చేసినా, నిమ్మపండు పైకి పొడుచుకొచ్చి వంకాయ అవుతోంది. అంటే పై నుంచి దిగే నాలుగు కిరణాల్లో బలం లేదు. గోళం నెత్తిన ఆ నాలుగూ దిగే పెద్ద అద్దం ఒకటుంది. మూత తీసి ఆ అద్దాన్ని చూస్తే తెలిసిపోతుంది. ఇరవై రోజుల్లో అసలు ప్రయోగం, అసలు గింజతో. ఆ గింజ ఒక్కటే ఉంది.

ఆ గింజను పద్నాలుగు నెలలు నునుపు పట్టినవాడు తవిటినాయుడు. యాభై దాటిన మనిషి. దాన్ని గింజమ్మ అంటాడు. చలిపెట్టెలో పెట్టి పొద్దునా సాయంత్రం పలకరించి వెళ్తాడు. లోపల ఇంధనపు మంచుపొర పోసేశారు. ఆ పొర నెలాఖరు దాటితే పాడైపోతుంది.

"సూరీడంత ఎలుగు ఎడితే ఎలుతురు సాల్లేదంటారేటి మేడమ్ గారూ?" అన్నాడు తవిటినాయుడు, ఆమె భుజం మీదుగా తెర చూస్తూ. "టార్చిలైటు కూడా కట్టమంతారేటి?"

"ఇది రెండోసారి తిరస్కరించడం నాయుడుగారూ. మూడోసారీ అయితే సెక్షన్ మూసేస్తారు. కెమెరా విప్పి స్టోర్‌లో పడేస్తారు."

"మరి గింజమ్మో?"

మందాకినికి ఒళ్ళు మండింది. నేరుగా డైరెక్టర్ గదికి నడిచింది.

డైరెక్టర్ వేమకోటి దక్షిణామూర్తిగారు ఒకప్పుడు మంచి శాస్త్రజ్ఞుడేనని ఆయన గదిలో వేలాడే శాలువాలను బట్టి తెలుస్తుంది. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. వంకాయ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగుందమ్మా. అయితే ఇప్పుడేమంటావు?"

"పై మూత తీసి అద్దం చూడాలి సార్. ఈ స్థితిలో పూర్తి బలంతో కిరణాలు వదిలితే అద్దం పగిలినా పగలొచ్చు. గింజ వృథా అవుతుంది."

"మూత తీయడమంటే మరమ్మతు కిందికి వస్తుంది. మరమ్మతు దేనికి చేస్తాం? ఉన్న పనికి. మన పని ఉన్నట్టు పైన నమోదు కాలేదు. ఫోటోలు ఆమోదం పొందితే గదా పని ఉన్నట్టు! లేని పనికి మరమ్మతు ఎలా మంజూరు చేయనమ్మా?"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంటే నవ్వుతాం. కొడుకు ఎదురుగా నిలబడి నాన్నా అంటున్నా ముందు పెళ్ళి పత్రిక చూపించమనేవాళ్ళను చూస్తే నవ్వు రాదు. మందాకినికి కూడా రాలేదు.

"అయితే ఫోటో ఆమోదం పొందడమెలా సార్?"

"ధ్రువీకరణాధికారిని పిలిపిస్తున్నాను. ఆయన స్వయంగా చూసి చెబుతారు."

ధ్రువీకరణాధికారి పరాంకుశంగారు మర్నాడే దిగారు. భుజాన సంచీ, చేతిలో కొలత టేపు, జేబులో నాలుగు రంగుల పెన్నులు. తన సర్వీసులో పదకొండు వేల ఇంకుడు గుంతలను ధ్రువీకరించిన మనిషి. అందులో దొంగ గుంతలు పట్టుకున్నవి నాలుగొందల పై చిలుకు. నిజం చెప్పాలంటే నిజాయితీపరుడు. కాఫీ ఇస్తే కూడా తాగరు. అలాంటి మనిషితో వేగడం లంచగొండితో వేగడం కన్నా కష్టం.

"గుంత ఎక్కడ?" అన్నారు రాగానే.

"గుంత కాదండి, గోళం" అంది మందాకిని, ఎదురుగా ఉన్న ఉక్కు పర్వతాన్ని చూపించి.

"లోతు?"

"లోతు లేదండి."

ఆయన "లోతు: లేదు" అని ఎర్ర పెన్నుతో రాసుకుని, కళ్ళద్దాల పైనుంచి ఆమెను చూశారు. "లోతు లేని గుంతలు నా సర్వీసులో చాలా చూసినాను మేడమ్‌గారూ. సరే. పని జరుగుచుండగా తీసిన ఫోటోలో తమరు గాని, డైరెక్టరుగారు గాని గింజ పక్కన ఏల లేరు?"

"లోపల గాలి ఉండదండి. కిరణాలు పడ్డాయంటే మనిషి మిగలడు."

"కిరణములు ఎంతసేపు పడును?"

"సెకనులో కోట్ల వంతు."

పరాంకుశంగారి ముఖం విప్పారింది. "అంతేనా! మావాళ్ళు రోహిణి కార్తెలో కల్వర్టు పక్కన గంటన్నర నిలబడినారు. ఒక్కరు నోరెత్తలేదు. తమరు సెకనులో కోట్ల వంతు నిలబడలేమనుచున్నారు. నివేదికలో దీనిని నిబద్ధతా లోపము అని రాయవలసి వచ్చును."

డైరెక్టర్‌గారు చప్పున తనకు షుగరు ఉందని, గాలి లేని చోట నిలబడవద్దని డాక్టర్ చెప్పాడని మనవి చేసుకున్నారు. మందాకిని వయసులో చిన్నది గనక ఆమె నిలబడితే బాగుంటుందని సూచన కూడా చేశారు. పరాంకుశంగారు సంచీలోంచి ఒక ఫారం తీశారు. ప్రమాదకర పనిస్థలాల్లో నిలబడే అధికారులు ఇవ్వాల్సిన అంగీకార పత్రం అది. పాము పుట్టలు, పాడుబడ్డ బావులు, మదపుటేనుగులు తిరిగే చోట్లకు పనికొస్తుందట. "ఇతరములు" అన్న గడిలో ఆయన తన చేత్తోనే "నక్షత్రము" అని నింపారు.

మందాకిని ఆ ఫారం తీసుకుని, సంతకం పెట్టకుండా, నియమావళి పుస్తకం ఒకసారి ఇప్పించమని అడిగింది. కాంటీన్‌లో కూర్చుని ఇడ్లీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నూట తొంభై పేజీలు చదివింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే లోకంలో ఏ గాటన ఏ దూడను కట్టేయాలో కూడా ఎవరో ఒకరు రాసి పెట్టే ఉంటారని ఆమెకు గట్టి నమ్మకం. పద్నాలుగో అధ్యాయంలో దొరికింది. ఎప్పుడో ఒక అధికారి కాలు విరిగి మంచాన పడ్డప్పుడు చేర్చిన నియమం. "అధికారి స్వయముగా నిలబడుటకు వీలుకాని యెడల, పని పరిమాణమునకు తగిన ఆయన చిత్రపటమును నిలబెట్టవచ్చును. అట్టి చిత్రపటము అధికారితో సమానము."

పరాంకుశంగారు అది చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివి, ఆమెకు నమస్కారం పెట్టారు. నియమం చదివేవాళ్ళంటే ఆయనకు గౌరవం.

"పని పరిమాణము ఎంత?"

"ఆవగింజంత."

"అయితే చిత్రపటము నువ్వుగింజంత ఉండవలెను" అని ఆయన ఆకుపచ్చ పెన్నుతో రాశారు.

ఆ రోజు నుంచి తవిటినాయుడికి కొత్త కొలువు మొదలైంది. వెంట్రుక కన్నా పలచని బంగారు రేకు మీద, సూక్ష్మదర్శిని కింద, వజ్రపు మొనతో డైరెక్టర్‌గారి ముఖం చెక్కాలి. దక్షిణామూర్తిగారు శాలువా కప్పుకుని రోజూ రెండు గంటలు ఎదురుగా కూర్చునేవారు. ఏడేళ్ళలో ఆయన లేబొరేటరీలో గడిపిన సమయమంతా కలిపినా ఆ కొద్ది రోజుల్లో గడిపినంత లేదు. మొదటి రేకు తెర మీద పెద్దది చేసి చూపిస్తే ఆయన పెదవి విరిచారు.

"గడ్డం కింద ఇదేమిటయ్యా?"

"అది తమరి రెండో గడ్డమండి."

"తీసెయ్యవయ్యా. మొదటిది చాలు."

తీసేశాడు. రెండో రేకులో చెవులు చిన్నవయ్యాయన్నారు. మూడో రేకులో బొట్టు పక్కకు జరిగిందన్నారు. పరాంకుశంగారు రెండు చెవులూ, నుదురూ కనబడితే చాలని, అందచందములు నియమావళి పరిధిలోకి రావని తీర్పు చెప్పబట్టి నాలుగో రేకుతో ఆగింది. పన్నెండు రోజులు గడిచాయి. చలిపెట్టెలో గింజమ్మ కడుపున మంచుపొర తన మానాన తను పాతబడుతోంది. తవిటినాయుడు గింజమ్మను పలకరించడం మానేశాడు. ముఖం చెల్లడం లేదన్నాడు.

"ఫోటోలో నా ముఖం బాగా వస్తుందా అమ్మా?" అని అడిగారు దక్షిణామూర్తిగారు, ఉత్తుత్తి గింజతో ప్రయోగం చేసే రోజు పొద్దున.

అప్పుడు వెలిగింది మందాకినికి. వెలగ్గానే పెదవి బిగబట్టుకుంది.

"ఉన్నదున్నట్టు వస్తుంది సార్. గింజను మన యంత్రం ఎలా నలుపుతుందో తమర్నీ అలాగే నలుపుతుంది."

ఆయనకు ఆ సమానత్వం నచ్చింది.

గింజ పక్కన బంగారు రేకు నిలబెట్టారు. గాలి తోడారు. గంట మోగింది. నలభై ఎనిమిది కిరణాలు వెళ్ళాయి. బొమ్మలు వచ్చాయి. మొదటి బొమ్మలో డైరెక్టర్‌గారి నీడ చక్కగా పడింది. నాలుగో బొమ్మకు చెంపలు రెండూ లోపలికి పోయాయి. ఏడో బొమ్మకు నుదురు పైకి సాగి, బొట్టు ఆకాశానికెక్కి, అచ్చం తొడిమతో కోసిన వంకాయ అయ్యారు. చెవులు మాత్రం రెండూ ఉన్నాయి.

కంప్యూటర్ ఎంత చురుకైనదంటే, ఎవరూ కళ్ళు తిప్పకముందే ఏడో బొమ్మను అందుకుని పైకి పంపేసింది. నిమిషంలో జవాబు. "బాధ్యతాధికారి స్పష్టముగా కనబడుచున్నారు. ఇంకుడు గుంత ఆమోదించడమైనది. ఇట్టి చిత్రము శాశ్వత రికార్డునందు భద్రపరచడమైనది."

తవిటినాయుడు గోడవైపు తిరిగి దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

"ఇది నేనా?" అన్నారు దక్షిణామూర్తిగారు. "శాశ్వత రికార్డా? ఏమిటమ్మా ఇది? ఎందుకిలా వచ్చింది?"

"పై నాలుగు కిరణాల్లో బలం లేదు సార్. పక్కలవి నొక్కేస్తున్నాయి, పైవి ఆపలేకపోతున్నాయి. ఏప్రిల్ నుంచి మనవి చేసుకుంటున్నాను."

"గింజ గురించి చెప్పావు గాని, నా ముఖం గురించి చెప్పావా? ఇంత తీవ్రమైన లోపం పెట్టుకుని ఇన్ని నెలలు ఏం చేస్తున్నారు మీరంతా? తీయించండి మూత! ఈ క్షణం తీయించండి!"

మరమ్మతు మంజూరు కాగితం మీద ఆయన నిలబడే సంతకం పెట్టారు. పని ఉన్నట్టు నమోదైంది గనక ఇప్పుడు దానికి అడ్డు కూడా లేదు. ఏడు నెలలుగా తెరుచుకోని మూత ముప్పావుగంటలో తెరుచుకుంది.

నిచ్చెన మీద ముందు తవిటినాయుడు, వెనక మందాకిని, ఆ వెనక కొలత టేపుతో పరాంకుశంగారు. లోపలికి తొంగి చూసిన తవిటినాయుడు పక్కకు జరిగాడు.

మనిషి ఎత్తున్న ఆ అద్దం మీద, నట్టనడుమ, తెల్ల ఎనామిల్ పెయింటుతో, జానెడేసి అంకెల్లో రాసి ఉంది: స్టాకు నెం. 4417.

మార్చి నెలాఖరులో సామాను లెక్క తీసుకునేవాళ్ళు వచ్చి వెళ్ళారు. కుర్చీకీ, ఫ్యానుకీ, బకెట్‌కీ, గుమ్మం ముందు పట్టాకీ నంబరు వేశారు. అప్పుడు మూత తీసి ఉంది. నంబరు "స్పష్టముగా కనబడు చోట" వేయాలని నిబంధన. కిరణాలు పోయే దారి కన్నా స్పష్టంగా కనబడే చోటు ఆ అద్దంలో మరొకటి లేదు.

మందాకినికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడు నెలలు. యంత్రాన్ని అనుమానించింది, లెక్కల్ని అనుమానించింది, చివరికి తన కెమెరానే అనుమానించి రెండుసార్లు విప్పి బిగించుకుంది. అదేమో పాపం మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది.

"తుడిసీమంటారా?" అన్నాడు తవిటినాయుడు, జేబులోంచి థిన్నర్ సీసా తీస్తూ.

"ఆగుము!" అన్నారు పరాంకుశంగారు. "స్టాకు నంబరు చెరుపుట నేరము. నంబరు లేని వస్తువు రిజిస్టరులో ఉన్నను లేనట్టే. ఒక అద్దము తగ్గినదని లెక్క తేలును."

కింద నుంచి డైరెక్టర్‌గారి కేక వినబడింది. "నా ముఖం కావాలా, నంబరు కావాలా మీకు?"

పరాంకుశంగారు నిచ్చెన మీద నిలబడే ఆలోచించారు. నియమావళిలో ముఖం నాలుగో అధ్యాయంలో ఉంది, స్టాకు నంబరు పదకొండో అధ్యాయంలో ఉంది. ముందు వచ్చినదే బలవత్తరమని తేల్చారు. తుడవనిచ్చారు. కాని 4417 అని డైరీలో నల్ల పెన్నుతో రాసుకుని, కింద రెండు గీతలు గీసుకున్నారు. "నంబరు గాలిలో ఉండకూడదు మేడమ్‌గారూ. దీనిని ఎక్కడో ఒకచోట నిలబెట్టవలసినదే."

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుందనగా అసలు ప్రయోగం పెట్టారు. తవిటినాయుడు స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. చలిపెట్టె మూత తీసి, "ఎల్లిరా తల్లీ" అన్నాడు. దారం కొసన తన చేత్తోనే వేలాడదీశాడు. నువ్వుగింజంత డైరెక్టర్‌గారిని, నియమం తప్పకుండా, కిరణాలకు అడ్డురాని మూల నిలబెట్టారు.

గంట మోగింది.

మందాకిని తెర వైపు చూడలేకపోయింది. కళ్ళు మూసుకుంది. ఏడేళ్ళూ, పద్నాలుగు నెలలూ, ఏడు నెలలూ అన్నీ కలిసి సెకనులో వెయ్యి కోట్ల వంతులో అయిపోయాయి. ఎవరో అరిచారు. కళ్ళు తెరిచింది.

గుండ్రంగా ఉంది.

ఒకటో బొమ్మ నుంచి ఎనిమిదో బొమ్మ దాకా, చిన్నదవుతూ, చిక్కనవుతూ, ఎక్కడా ఒక సొట్ట లేకుండా గుండ్రంగా ఉంది. తొమ్మిదో బొమ్మలో భగ్గుమంది. ఇన్నాళ్ళూ యంత్రం చూడనంత వెలుగు. కొలిచే పరికరాలు రెండు తమ గీత దాటిపోయి మొరాయించాయి. ఈ జీడికొండ మీద, తారీఖు వేసి చెప్పగలిగినట్టుగా, ఒక నక్షత్రం పుట్టి పోయింది.

"సూసినారా మేడమ్ గారూ, మన గింజమ్మ!" అంటూ తవిటినాయుడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మందాకిని కూడా ఏడ్చింది. ఇద్దరికీ సిగ్గు అనిపించలేదు.

అసలు ప్రయోగం లెక్కలో వేరే పని గనక దాని ఫోటో మళ్ళీ పైకి వెళ్ళింది. మర్నాడు జవాబు వచ్చింది. "వెలుతురు అధికమైనందున బాధ్యతాధికారి కనబడుట లేదు. పని జరిగినట్లు ఆధారము లేదు. మూడవ తిరస్కరణ. పదిహేను దినములలో ఆమోదయోగ్యమగు ఫోటో సమర్పించని యెడల ఫోటోల సెక్షన్ మూసివేయవలెను."

నిజమే. ఆ వెలుగులో నువ్వుగింజంత దక్షిణామూర్తిగారు ఆవిరైపోయారు. ఆయన మాత్రం నొచ్చుకోలేదు. వంకాయ కన్నా ఆవిరే నయమన్నారు. కాని మళ్ళీ ప్రయోగం చేద్దామంటే రెండో గింజమ్మకు ఇంకో పద్నాలుగు నెలలు కావాలి. సెక్షన్‌కు ఉన్నవి పదిహేను రోజులు. కొండ మీద నక్షత్రం పుట్టిందన్న సంగతి కొండ మీదున్న నలుగురికీ తెలుసు, కొండ దిగితే అది ఆమోదం పొందని ఇంకుడు గుంత.

ఏం చేయాలో పాలుపోక మందాకిని ఆ తొమ్మిదో బొమ్మను తలుపంత పెద్దది చేయించి, చట్రం కట్టించి, సెక్షన్ గోడకు తగిలించింది. మూసేస్తే మూసేయనీ, మూసే రోజు దాకా కళ్ళారా చూసుకుందామనుకుంది.

పన్నెండో రోజు ఉదయం ఆమె వచ్చేసరికి గదిలో పెయింటు వాసన. తవిటినాయుడు థిన్నర్ సీసా పట్టుకుని ఎర్రగా చూస్తున్నాడు. పరాంకుశంగారు బ్రష్ పట్టుకుని తృప్తిగా చూస్తున్నారు. నక్షత్రం నట్టనడుమ, జానెడేసి అంకెల్లో: స్టాకు నెం. 4417.

"సూడండి మేడమ్ గారూ, ఏటి సేసీసినారో! బేగి సెప్పండి, తుడిసీస్తాను."

"ఆగ్రహము వలదు" అన్నారు పరాంకుశంగారు. "ఇరవై దినములుగా ఈ నంబరుకు చోటు వెదుకుచున్నాను. రిజిస్టరులో 4417 అనగా కిటికీ అద్దము, గుండ్రని వెలుతురు వచ్చునది అని ఉన్నది. ఈ సంస్థలో అట్టిది ఇది ఒక్కటే కనబడినది. నా లెక్క సరిపోయినది."

మందాకినికి కోపం గొంతు దాకా వచ్చింది. గొంతు దగ్గర ఆగింది. ఆమె పరాంకుశంగారిని చూసింది. ఆయన పక్కన నక్షత్రాన్ని చూసింది. కిటికీలోంచి పొద్దుటి ఎండ ఇద్దరి మీదా సమానంగా పడుతోంది.

"పరాంకుశంగారూ, తమరు ధ్రువీకరణాధికారి గదా. బాధ్యతాధికారి కిందికి వస్తారా?"

"నాలుగవ అధ్యాయము, ఆరవ పేరా. నిస్సందేహముగా వత్తును."

"అయితే ఒక్కసారి దీన్ని ఆనుకుని నిలబడండి. నంబరు వేసినట్టు ఆధారం ఉండాలి గదా."

ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, జేబులో పెన్నులు సర్దుకుని, ఛాతీ ముందుకు పెట్టి, రెండు చెవులూ కనబడేలా నిలబడ్డారు. పదకొండు వేల గుంతల పక్కన నిలబడిన మనిషి, ఎలా నిలబడాలో ఒకరు చెప్పక్కర్లేదు. మందాకిని సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి, మూడో ఫోటో, పని అయ్యాక, అని రాసి పైకి పంపింది.

అయిదు నిమిషాలు గడిచాయి. తవిటినాయుడు థిన్నర్ సీసా మూత బిగించడం, విప్పడం, బిగించడం చేస్తున్నాడు. ఫోన్ మోగింది.

"బాధ్యతాధికారి స్పష్టముగా కనబడుచున్నారు. వెలుతురు తగినంత ఉన్నది. పని జరిగినట్లు ఆమోదించడమైనది. ఫోటోల సెక్షన్ యథాతథముగా కొనసాగవచ్చును."

మందాకిని కుర్చీలో కూలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఫోన్ ఇంకోసారి మోగింది. చివరి గడి ఒకటి ఖాళీగా ఉందట. "గుంత లోతు తెలుపవలెను."

"లోతు ఎంతని రాయమంటారు నాయుడుగారూ?"

తవిటినాయుడు గోడ మీది నక్షత్రాన్ని, దాని నడుమ తెల్ల అంకెల్ని కాసేపు చూశాడు.

"ఏడేళ్ళు అని రాసీండి మేడమ్ గారూ."

ఆ గడి అంకె తప్ప మరేదీ తీసుకోలేదు. ఆమె ఏడు అని రాసింది. పరాంకుశంగారు అది తన పుస్తకంలో కూడా ఎక్కించుకుని, ఏడంటే మంచి లోతేనని ఒప్పుకున్నారు.